కోళ్ళ తుపాకి

మంగళవారం మధ్యాహ్నం మా మావ పోయాడు. షాపు గోదాములో డేరా గుడ్డలు మడతపెడుతుంటే అత్త పంపిన మనిషి వచ్చి చెప్పాడు. పది రోజుల జ్వరం. నేను వెళ్ళేసరికి ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉంది. బయల్దేరే ముందు మేనేజరుకు కబురు చెబితే “అయ్యో” అన్నాడు. ఆ నోటితోనే “ఆ నాలుగు డేరాలు సాయంత్రానికి రైలెక్కాలి” అన్నాడు. నేను ఎక్కించలేదు. పాడె మోయడానికి పోయాను.

మావ అంటే మా అమ్మ తమ్ముడు. రంగూనులో వేట సామాను అమ్మే ఈ షాపులోనే చాలా ఏళ్ళు పనిచేశాడు. షాపు వాళ్ళ లెక్కలో ఆయన తుపాకులు తుడిచేవాడు, అంతే. కానీ బర్మా తూర్పున ఉన్న షాను కొండలకి ఎలుగుబంటి వేటకు పోయే దొర ఎవరైనా సరే, ఆ తుడిచేవాడి మాట వింటే సుఖంగా తిరిగొచ్చేవాడు. వినకపోతే దొర సుఖంగానే వచ్చేవాడు, కూలీలు కట్లతో వచ్చేవారు.

షాపులో చేరకముందు మావ రేవులో బియ్యం బస్తాలు మోశాడు. బరువును ఆయన మెడతోనే కొలిచేవాడు. దొర ఏరుకున్న సామానంతా మూట మూటగా తలకెత్తుకుని షాపు మెట్లు పైదాకా ఎక్కి దిగేవాడు. ఏ మూటతో మధ్యలో ఆగాల్సి వచ్చిందో ఆ మూట విప్పేవాడు. ఇనప మంచం తీసేసేవాడు, రేకు తొట్టి తీసేసేవాడు. పల్చటి డేరా, దోమతెర, తాళ్ళు, ఒక లాంతరు, ఒక కెటిల్ ఉంచేవాడు.

“దొర బరువు నీకెందుకు మావా?” అని నేను మండిపడేవాణ్ణి.

“దొర మొయ్యడు గదేటిరా. ఆడికి తెల్దు. మెడ నోరెత్తి అడగదు, ఇరిగిపోద్ది.”

నాకు చదువు చెప్పిన బడి లేదు. రంగూనులోని పబేడాన్ పేట వీధుల్లో అంగళ్ళ మీది బోర్డులు చూసి అక్షరాలు కూడబలుక్కున్నాను. తుపాకుల కేటలాగు కూడా అలాగే చదివాను, చదివి ఆయన ముందు గొప్పలు పోయాను. ఆయన ఓపిగ్గా వినేవాడు. “బాగానే ఉంది. ఎలుగ్గొడ్డుకి కూడా సదివి ఇనిపించు” అనేవాడు.

నాలుగేళ్ళ కిందట ఒక దొర కేటలాగు పట్టుకుని వచ్చాడు. ఎలుగుబంటికని పొడుగు రైఫిలు ఏరుకున్నాడు. మైదానంలో, ఎక్కడో దూరాన ఉన్న జింకను కొట్టే సన్న గుండు దానిది. మావ తుడిచే గుడ్డ భుజాన వేసుకుని, వచ్చిన హిందూస్తానీలో చెప్పాడు: ఆ కొండల్లో అంతా వెదురు, పది గజాల అవతల ఏముందో కనపడదు, జంతువు మీదికొచ్చాక పొడుగు గొట్టం వెదుళ్ళకు తగులుకుంటుంది, పొట్టి గొట్టాలు రెండున్న తుపాకీ, పెద్ద గుండు తూటాలూ తీసుకోండి. దొర నవ్వాడు. మేనేజరు నవ్వలేదు. “నీ పని తుడవడం” అన్నాడు.

మావ తలూపాడు. దారిలో అడవి కోళ్ళు బాగా దొరుకుతాయి, కూరకు పనికొస్తాయి అన్నాడు. అలా రెండు గొట్టాల తుపాకీ కోళ్ళ కోసమని సామాన్లో చేరింది. కోళ్ళ తూటాల అడుగున నాలుగు పెద్ద గుండ్లవి మావ పెట్టాడు.

సామాను చూసుకోవడానికి మావనీ నన్నూ వెంట పంపారు. మోసేవాళ్ళు ఎనిమిది మంది, అందరూ మనవైపు వాళ్ళే. విడిది చేసిన ప్రతిచోటా మావ ఎండు చేపల మూటను డేరాకు దూరంగా, ఎత్తైన కొమ్మకు కట్టించేవాడు. గంజాం నుంచి వచ్చిన అప్పలసామి ఊరుకునేవాడు కాదు.

“మావా, ఎలుగ్గొడ్డుకి పెళ్ళి బోజనం ఏలాడదీసినావేటి?”

“నిన్నొగ్గేసి దాన్ని తినమని సెప్పడానికిరా.”

మూడో రోజు పొద్దున్న మమ్మల్ని వాగు దగ్గర ఆపి దొర ముందుకు పోయాడు. బరువులు దించాం. టీకి నీళ్ళు పెట్టాం. అవతలి గట్టు మీద రైఫిలు పేలింది. వెంటనే వెదుళ్ళు విరుగుతున్న చప్పుడు, మా వైపే. గుండు తగిలిన ఎలుగు కిందికి వచ్చేస్తోంది. అప్పలసామి కుండతో వాగులో ఉన్నాడు. అది అతని ముందు లేచి నిలబడింది. కుండ అడ్డం పెట్టుకున్నాడు, ఇంకేం చేస్తాడు. మావ, పొద్దున్నే పెద్ద గుండు తూటాలు వేసి ఉంచిన కోళ్ళ తుపాకీ ఎత్తి పేల్చాడు.

మావ జన్మలో పేల్చిన మొదటి తూటా అది. వందల తుపాకులు తుడిచిన మనిషి, దొరల భుజాలకు ఆనించి కొలత చూసిన మనిషి. పేల్చడానికి మాత్రం లైసెన్సు లేదు.

దొర వచ్చి జంతువును తిప్పించి చూశాడు. ఛాతీలో నా బొటనవేలు పట్టే కంత. ఆ రైఫిలు గుండుకు అంత కంత పడదు. రెండో పేలుడు ఆయన వినకుండానూ ఉండడు. మావకేసి చూశాడు.

“తమరి గుండేనండి” అన్నాడు మావ.

దొర ఎలుగు మీద కాలు పెట్టి ఫోటో తీయించుకున్నాడు. లైసెన్సు సంగతి ఎత్తకపోవడం దయ అని మావ అనేవాడు. దొంగతనం అని నేను అప్పుడే అన్నాను, ఇప్పుడూ అంటున్నాను.

“నానున్నన్నాళ్ళూ సెప్పకు” అని ఒట్టు వేయించుకున్నాడు. “లైసెన్సు నేకుండా పేల్సినానని నన్ను జైల్లో పెడతారు. మీ అత్తకెవులున్నారు?”

నోరు మూసుకున్నాను. ఆ ఫోటో షాపు అద్దాల బీరువాలోకి ఎక్కింది. పక్కనే ఆ పొడుగు రైఫిలు. ఎలుగు వేటకొచ్చిన ప్రతివాడూ అది చూసి అదే ఇమ్మనేవాడు. మావ ప్రతివాడికీ అడవి కోళ్ళ రుచి చెప్పేవాడు. రెండో తుపాకీ కూడా అమ్ముడవుతోందని మేనేజరుకు సంతోషం. కానీ కోళ్ళ మీద మోజు లేని దొరలూ ఉంటారు గదా.

పోయిన వానాకాలం అలాంటి దొర వెంట వెళ్ళిన కూలీ ఒకడు ముఖం సగం పోయి ఆసుపత్రికి వచ్చాడు. మావ, నేను చూడ్డానికి వెళ్ళాం. తిరిగొచ్చేటప్పుడు నేను ఊరుకోలేకపోయాను.

“నీ అబద్ధమే ఆ బీరువాలో కూచుని తుపాకులు అమ్ముతోంది మావా.”

కొడతాడనుకున్నాను. “అవునురా” అన్నాడు. రెండు రోజులు అన్నం ముట్టలేదు.

జ్వరంలో ఒక పొద్దున్న నా చెయ్యి పట్టుకుని, “నాను పోగానే సెప్పీ. బేగి సెప్పు” అన్నాడు.

చెబుతున్నాను. ఆ ఎలుగును చంపింది ఆ రైఫిలు కాదు. దొరల దగ్గర పనిచేసే గుమాస్తాలు, బట్లర్లు, కూలీలను కుదిర్చే మేస్త్రీలు ఈ పత్రిక చదువుతారు, వాళ్ళ కోసమే రాస్తున్నాను. ఆ ఫోటో నమ్మి ఆ రైఫిలు కొన్న దొర వెనక మన మనుషుల్ని పంపకండి. ఇది అచ్చయితే నా పని పోతుంది. పోనీ.

ఆ రోజు వాగు దగ్గరి సంగతి ఒక్కటి మిగిలింది. దొర ఇంకా అవతలి గట్టు దిగుతున్నాడు, రాళ్ళు దొర్లుతున్న చప్పుడు వినిపిస్తోంది. అప్పలసామి నీళ్ళలో కూలబడి తన చేతులు తడుముకుని చూసుకుంటున్నాడు. మావ పొయ్యి మీది కెటిల్ దించాడు. పేలిన తుపాకీ పేలనట్టు కనపడాలి. తుపాకీని కీలు దగ్గర మడిచి తెరిచి, వాగు అంచున నిలబెట్టి, మసులుతున్న నీళ్ళు గొట్టంలో పోశాడు. తొందరలో సగం నీళ్ళు కాళ్ళ మీదే పడ్డాయి. ఆయనకు తెలియలేదు. గొట్టం చివర నుంచి నల్లటి నీళ్ళు పొగలు కక్కుతూ కారి వాగులో కలిశాయి. వాగు తేటగా ఉంది. ఆ నల్ల చార రాళ్ళ మధ్య నుంచి వెదుళ్ళ కిందికి, చాలాదూరం విడిపోకుండా సాగింది.