మూడు వందల పన్నెండో కొక్కెం

డెబ్బయ్యో దశకం నడిమి రోజులవి. కోలారు బంగారు గనులు ప్రభుత్వం చేతికి వచ్చి కొన్నేళ్ళయింది. టైమ్ ఆఫీసులో హాజరు గుమాస్తాగా ఉన్న నన్ను ఒక షాఫ్టు దగ్గరి ల్యాంప్ రూముకు మార్చారు. షాఫ్టు అంటే గనిలోకి నిలువునా దిగే బావి. దిగే ప్రతి మనిషికీ తలదీపం ఇచ్చే గది ల్యాంప్ రూము.

అక్కడి పని చూడ్డానికి చిన్నది. కార్మికుడు కిటికీలోంచి తన టోకెన్ ఇస్తాడు. నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ అది. దాన్ని గోడమీది నల్ల బోర్డులో అదే నంబరు కొక్కేనికి తగిలించి దీపం ఇస్తాం. పైకి వచ్చాక అతను దీపం ఇచ్చి, బిళ్ళ తీసుకుని ఇంటికి పోతాడు. కొక్కేనికి బిళ్ళ ఉంటే మనిషి కింద ఉన్నాడు. లేకపోతే పైకి వచ్చేశాడు. ఇంత సూటిగా మాట్లాడే శాస్త్రం నేను ఇంకెక్కడా చూడలేదు.

ఈ బోర్డు విలువ మాకంటే ఆడవాళ్ళకు బాగా తెలుసు. మా గనులు చాలా లోతు. అంత లోతులో బండ ఒత్తిడి తట్టుకోలేక ఒక్కోసారి పేలిపోతుంది. ఎయిర్ బ్లాస్ట్ అంటారు. పైన కార్మికుల లైన్ ఇళ్ళల్లో అటక మీది గిన్నెలు కిందపడతాయి. ఆ చప్పుడు వినగానే ఆడవాళ్ళు పొయ్యి మీది సంగటి అట్లాగే వదిలి షాఫ్టుకు పరుగెత్తుకు వస్తారు. ఏ దొరనూ ఏమీ అడగరు. మా కిటికీ దగ్గర నిలబడి బోర్డు చూస్తారు. ఒక్కొక్క బిళ్ళే కొక్కెం దిగుతుంటే ఒక్కొక్కరే ఊపిరి పీల్చుకుని వెళ్ళిపోతారు.

ఆ ఏడే ఊరి పెద్దలు మా పట్టణానికి ఉత్సవం తలపెట్టారు. ఒక మాటలో మూడు భాషలు కలిసే సరిహద్దు ఊరు మాది. చాలా పట్టణాల కంటే ముందు కరెంటు దీపం చూసిన ఊరు. దాని చరిత్ర, కళలు, ప్రముఖుల గురించి ఉత్సవ సంచికకు తెలుగులో వ్యాసం రాయమని నన్ను అడిగారు. రాబర్ట్‌సన్‌పేట పఠన మందిరంలో ఆదివారం చర్చల్లో గొంతు చించుకునేవాణ్ణి కాబట్టి నా పేరు వాళ్ళకు తెలుసు. రాహుకాలం పోయేదాకా, షాఫ్టులోకి దింపే కేజ్ ఎక్కనన్న మేస్త్రీని అందరి ముందూ నిలదీసినవాణ్ణి. షాఫ్టు పూజకు చందా ఇవ్వనన్నవాణ్ణి. ఇంజనీర్లు, బంతాటగాళ్ళు, బ్యాండు మేస్త్రులు, సంఘం నాయకులు, పేరున్న టీచర్లు అందరినీ వరసపెట్టి రాశాను. మంచి వ్యాసమే. అచ్చుకు పోయింది.

ల్యాంప్ రూములో నా కింద ఆరోగ్యం అనే పెద్దాయన పనిచేసేవాడు. అరవం మాట్లాడే కుటుంబం. తెలుగు మా అందరిలాగే మాట్లాడేవాడు. నేను చేరిన వారంలోనే ఒక బిళ్ళ నా కంట్లో పడింది. మూడు వందల పన్నెండు. మూడు షిఫ్టులు మారినా అది కొక్కెం దిగలేదు. పైగా దాని మీద ఎండిపోయిన కుంకుమ.

"ఏందిది ఆరోగ్యం?"

"అది మునెప్పది సార్. టింబర్‌మన్. ఎయిర్ బ్లాస్ట్ అయిన దినం దిగినాడు, ఇంగా పైకి రాలేదు."

"ఎన్నాళ్ళాయ?"

"ఏడేండ్లు."

టింబర్‌మన్ అంటే పైకప్పు కూలకుండా కింద దుంగలు నిలబెట్టేవాడు. మునెప్ప పనిచేసిన చోటు బండలతో పూడిపోయింది. శవం దొరకలేదు. ఆఫీసులో కాగితాలు ఎప్పుడో మూసేశారు. ఆ నంబరు మాత్రం ఎవరూ తీసుకోరట. షిఫ్టుకు పోయే పాతవాళ్ళు కిటికీలోంచి దానివైపు చూసి ఒకసారి కళ్ళకు చెయ్యి అద్దుకునేవాళ్ళు.

నాకు ఒళ్ళు మండింది. ఏడేళ్ళ కింద చచ్చిపోయిన మనిషి 'ఇంకా పైకి రాలేదు' అంటే అర్థమేమిటి? గనిలో తిరుగుతున్నాడనే కదా!

"నంబరు మనిషిని చంపుతాదా ఆరోగ్యం?"

"చంపదు సార్."

"మరి యాల భయం?"

"భయం ఎవురికి సార్? మీరు కొత్త. ఉండనీండి. వేణాం సార్, దాన్ని తాకొద్దండి."

నేను తాకాను. ఉత్సవానికి అతిథులు వచ్చి ల్యాంప్ రూము చూస్తారని కబురు వచ్చింది. వాళ్ళు కుంకుమ పూసిన సర్కారు బిళ్ళను చూడాలా? కిరసనాయిలు గుడ్డతో తుడిచి, బైరకూరు నుంచి కొత్తగా పనిలో చేరిన వెంకటప్పకు ఇచ్చాను. ముప్పై ఏళ్ళవాడు. నా ఆదివారం చర్చలకు ముందు వరసలో కూర్చునేవాడు.

"ఏమప్పా వెంకటప్పా, దయ్యం నంబరు కట్టుకున్న్యావంట?" అని తోటివాళ్ళు ఆట పట్టించారు.

"దయ్యానికి నా మాదిరి నైట్ షిఫ్ట్ అలవెన్సు యాడ ఉండాది? రమ్మను, మాట్లాడతా," అన్నాడు.

నెల గడిచింది. వెంకటప్పకు గోరు కూడా చితకలేదు. నేను గెలిచాను. ఆదివారం సభలో ఆ కథ చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను.

ఉత్సవానికి నాలుగు రోజుల ముందు, పొద్దున పదింటప్పుడు, కిటికీ దగ్గరికి ఒకామె వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. చేతిలో ఆకు పొట్లం. కుంకుమ అని తరువాత తెలిసింది. ఆరోగ్యం లోపల బ్యాటరీలు చార్జికి పెడుతున్నాడు. ఆమె నన్ను చూడలేదు. నా భుజం మీదుగా బోర్డు చూసింది. ఆ వారం వెంకటప్పది మధ్యాహ్నం షిఫ్టు. కొక్కెం ఖాళీగా ఉంది.

పొట్లం ఆమె చేతిలోంచి జారిపోయింది.

"సామీ... ఎప్పుడు తీసినారు?"

"ఏం తీసేదమ్మా?"

"ఆయన్ను. మా మునెప్పను. బిళ్ళ లేదు గదా! పైకి తెచ్చినారు గదా!" కిటికీ ఊచలు రెండు చేతులా పట్టుకుంది. "నాకి యాల చెప్పి పంపలేదు? నంగలి ఊళ్ళో యల్లమ్మ అంటే బస్సోళ్ళు గూడా ఇల్లు చూపిస్తారే. యాడ పెట్టినారు? ఆస్పత్రిలోనా? ఎముకలైనా సరే సామీ, ఎత్తుకోని పోతా. గుడ్డ తెచ్చుకోలేదే... పోనీ, ఈ కొంగు చాలు. వంక పక్కన మా మామను పెట్టిన చోట జాగా ఇడిసి పెట్టుకోనుండా."

ఆమె ముఖంలో కనిపించినదాన్ని సంతోషం అనడానికి నాకు నోరు రాదు. కానీ అది సంతోషమే.

వేదికల మీద నాకు మాటలు తడుముకునే అలవాటు లేదు. ఆ పొద్దు తడుముకున్నాను.

"లేదమ్మా. ఎవురూ తేలేదు. ఆ నంబరు ఇంగొకరికి ఇచ్చినాము."

ఇచ్చినాము అన్నాను. ఇచ్చింది నేనొక్కణ్ణే.

ఆమె చేతులు ఊచల మీంచి మెల్లగా జారాయి.

"ఇంగొకరికా? ఆ అబ్బి బాగుండాడా?"

"బాగుండాడమ్మా."

"ఉండనీ సామీ. నంబరేం చేస్తాది ఎవుర్నైనా."

నేను ఏళ్ళ తరబడి గొంతు చించుకుని చెప్పిన మాట. ఆమె గొంతు పెంచకుండానే చెప్పింది.

ఆరోగ్యం బయటికి వచ్చి ఆమెను చూసి, ఖాళీ కొక్కేన్ని చూసి, స్టూలు తెచ్చి వేశాడు. మునెప్ప దిగిన రోజున ఆమె ఏటా వస్తుందనీ, ఆమె తెచ్చిన కుంకుమతో, కొక్కెం కదలకుండా బిళ్ళకు బొట్టు తానే పెడతాననీ అప్పుడు చెప్పాడు. మొదట ఎందుకు చెప్పలేదని నేను అడగలేదు. ఏం చెప్పనిచ్చాను గనుక! మునెప్ప ఏమయ్యాడో ఆఫీసు కాగితాలకు తెలియదు, సంచికకు తెలియదు. ఆ బోర్డు ఒక్కటే ఉన్నదున్నట్టు చెప్పింది: దిగాడు, ఇంకా పైకి రాలేదు. ఊరంతటిలో శాస్త్రీయంగా మాట్లాడుతున్న ఆ ఒక్క సాక్షి నోరు మూయించినవాణ్ణి, హేతువాదినని చెప్పుకునే నేను.

మధ్యాహ్నం వెంకటప్ప వచ్చేదాకా ఆమె అక్కడే కూర్చుంది. సంగతి విని అతను బిళ్ళ తీసి నా చేతిలో పెట్టాడు.

"నాకి ఏ నంబరైతే ఏముండాది సార్," అని, ఆమెవైపు తిరిగి, "అమ్మా, నాకి తెలీదమ్మా," అన్నాడు.

"నీదేం తప్పుందప్పా? జాగర్తగా దిగు," అంది.

నేను బిళ్ళ పట్టుకుని బోర్డు వైపు తిరిగాను. "మళ్ళా ఆడనే తగిలిస్తానమ్మా. ఇంగ ఎవురూ తియ్యరు."

"వద్దు సామీ!"

అంత గట్టిగా ఆమె అంతవరకూ మాట్లాడలేదు. ఆరోగ్యం కూడా ఉలిక్కిపడ్డాడు.

"పైకి వచ్చినాడు అనుకున్నా గదా ఒగ గడియ. మళ్ళా దింపొద్దు ఆయన్ను."

బిళ్ళ ఆమెకు ఇచ్చాను. అది సర్కారు సొత్తు. పోయిందని రిపోర్టు రాసి వెంకటప్పకు కొత్త నంబరు కొట్టించాను. ఆమె దాన్ని కొంగులో మూడు ముళ్ళు వేసుకుని నంగలి బస్సుకు వెళ్ళిపోయింది. వంక పక్కన గుంత తీసి పెట్టిందని తరువాత విన్నాను.

ఆమె గేటు దాటాక ఆరోగ్యం అన్నాడు. "సార్, టింబర్‌మన్ పాత దుంగ తీసేముందు ఏం చేస్తాడో తెలుసునా? సుత్తితో తట్టి ఇంటాడు. పైన బరువు ఉండాదా లేదా అని. మీరు తట్టి చూల్లేదు సార్."

నాలుగు రోజుల తరువాత ఉత్సవంలో నా వ్యాసం చదివాను. సంచిక అచ్చయిపోయింది కానీ నా నోరు అచ్చయిపోలేదు. మునెప్ప పేరు ఒక్కటి కలిపి చదివి ఉండవచ్చు. కలపలేదు. ఏ ఇంజనీరు పక్కన, ఏ బంతాటగాడి వెనక చేర్చాలో తేల్చుకునేలోపు కాగితం అయిపోయింది. జనం చాలాసేపు చప్పట్లు కొట్టారు.

నేను ఇప్పటికీ దయ్యాన్ని నమ్మను. రాహుకాలాన్ని నమ్మను. షాఫ్టు పూజకు చందా ఇవ్వలేదు, ఇవ్వను. కూలగొట్టాల్సిన దుంగలు మన సమాజంలో ఇంకా చాలా ఉన్నాయి, కూలగొట్టాల్సిందే. అయితే చెయ్యి వేసే ముందు సుత్తితో ఒకసారి తట్టి, చెవి పెట్టి వింటున్నాను. మునెప్ప బతికినన్నాళ్ళూ రోజుకు పదిసార్లు చేసిన పని అదే.