నీళ్ల పొయ్యిలోకి వచ్చిన కొమ్మ

మేం రోజూ నడకకు వెళ్లే సర్కారు తోటలో నిద్రగన్నేరు కొమ్మ విరిగిపడి మా అమ్మ మణికట్టు విరిగినప్పుడు, మొదట నాకు ఆ చెట్టు మీదే పగ పుట్టింది. పసిపిల్ల గడప తగిలి పడితే గడపను నాలుగు దెబ్బలు కొట్టి ఏడుపు మాన్పించే ఇల్లు మాది. అమ్మ ఇంకో అడుగు ముందుకేసింది. చేతికి కట్టుతో ఆసుపత్రి నుంచి వస్తూనే, "నన్ను కొట్టిన కట్టె యాడుంది? తెప్పించు. దాంతోనే నాకు నీళ్లు కాగాల" అంది. తోటవాళ్లను అడిగి, ముక్కలు కోయించి, రెడ్డియార్‌పాళయంలోని మా ఇంటికి ఆటోలో తెచ్చాను.

మరునాడు వాకింగ్ సంఘం అధ్యక్షుడు పరామర్శకు వచ్చాడు, స్టీలు డబ్బా నిండా వాళ్లావిడ చేసిన ఇడ్లీలతో. ఆ చెట్టు ఉంటే ఇంకెవరి ప్రాణమో పోతుందని, మొదలంటా కొట్టించేస్తానని, తోట ఆఫీసరు చూడ్డానికి వచ్చిన రోజు అమ్మ కట్టుతో వచ్చి నిలబడితే చాలని చెప్పాడు. అమ్మ సరేనంది. నేనూ సంబరపడ్డాను. ఇడ్లీలు మెత్తగా ఉన్నాయని మెచ్చుకున్నాను కూడా, నా నోరు పడిపోను.

ఆ సాయంత్రం కట్టె చీలుస్తుంటే గొడ్డలి ఖంగుమంది. సరిగ్గా విరిగిన చోటే, బెరడు లోపలికి దిగిపోయిన ఇనుపతీగ. దాని చుట్టూ చెక్క నల్లగా కుళ్లిపోయి ఉంది. తీగను పట్టుకుని ఇంకా ఒక రేకు ముక్క, దాని మీద సంఘం పేరులో సగం. కొన్నేళ్ల కింద అధ్యక్షుడు దగ్గరుండి ఆ కొమ్మకు బిగించిన బోర్డు అది. గేటు దగ్గర పెద్ద బోర్డు వెలిశాక దీన్ని పీకేశారు, తీగను మాత్రం అలాగే వదిలేశారు. చెట్టుకు ఉరి బిగించినవాడే ఇప్పుడు దానికి శిక్ష వేయిస్తున్నాడు. అతనింటికి వెళ్లి కడిగిపారేద్దామని చెప్పులేసుకున్నాను.

అమ్మ ఆపింది. "తొందరేంది? వాళ్ల డబ్బా ఇంకా మన కాడే ఉండాది కదా."

ఆఫీసరు వచ్చిన ఉదయం అధ్యక్షుడు చెట్టు కింద నిలబడి జనం భద్రత గురించి గొంతు చించుకుంటున్నాడు. అమ్మ మంచి చేత్తో డబ్బా అందించింది. బరువుగా ఉందేమిటని అతను అక్కడే మూత తీశాడు. లోపల చుట్టగా తీగ, రేకు ముక్క.

"ఖాళీ డబ్బా తిరిగి ఇయ్యగూడదు కదా నాయనా" అంది అమ్మ.

ఆఫీసరు తీగ తీసి చూశాడు, తలెత్తి కొమ్మ విరిగిన చోటు చూశాడు. బలహీనమైన కొమ్మల్ని మాత్రం కొట్టించి, మొదలు చుట్టూ కంచె వేయించి, నీడలోని బెంచీని దూరంగా జరిపించాడు. మిగతా చెట్లకున్న తీగలన్నీ సంఘంవాళ్ల చేతే విప్పించాడు. అధ్యక్షుడు నిచ్చెన పట్టుకుని నిలబడటం నేను కళ్లారా చూశాను.

ఆ బెంచీ అతను రోజూ కూర్చునేది. ఇప్పుడది ఎండలో ఉంది. కొమ్మ కట్టెలు ఎప్పుడో బూడిదయ్యాయి, చెట్టు మీద నాకు కోపం లేదు. అమ్మ చెయ్యి మాత్రం ఇప్పటికీ నీళ్ల చెంబు ఎత్తలేదు. అందుకే ఆ బెంచీని ఎవరైనా మళ్లీ నీడలోకి జరిపారేమోనని రోజూ వెళ్లి చూసి వస్తాను.