లేని నలుగురి మెప్పు

వనపర్తిలో డిగ్రీ అయిపోయాక బస్టాండు దగ్గర ఒక ఇంటర్నెట్ సెంటర్లో పనికి కుదిరాను. కాలేజీ పిల్లలు కంప్యూటర్లో స్నేహితులను వెతుక్కోవడం అప్పుడప్పుడే మొదలుపెట్టారు. ఎవరి పేజీలో ఎవరు ఏం రాశారో చూసుకుంటూ గంటలకొద్దీ కూర్చునేవారు. అది చూసి నాకొక ఆలోచన వచ్చింది.

గద్వాలలో మా మేనత్త ఇంటి ముందు గదిలోనే చీరలు అమ్మేది. నేతగాళ్ల ఇళ్లకు వెళ్లి తానే ఎంచి తెచ్చేది. ఆమెకూ ఒక పేజీ పెడితే బెంగళూరు దాకా తెలుస్తుంది కదా అనుకున్నాను.

పెట్టాను, ఫోటోలు ఎక్కించాను. రెండు వారాలైనా పలకరించినవాళ్లు లేరు. దాంతో నేనే నలుగురు ఆడవాళ్లను పుట్టించాను. ఒకామె టీచరు, ఒకామె డాక్టరు, మిగతా ఇద్దరు హైదరాబాదులో ఉద్యోగస్తులు. నలుగురి చేతా చీరలను ఆకాశానికెత్తించి, ఆ మెప్పంతా ప్రింటు తీసుకుని ఆదివారం గద్వాల బస్సెక్కాను.

చదివి వినిపిస్తుంటే అత్త చీరలు మడతపెడుతూ వింది. నవ్వలేదు.

"ఆ డాక్టరమ్మ ఏ రంగు చీర తీస్కపోయింది అల్లుడా?"

"ఆకుపచ్చ," అన్నాను తడుముకోకుండా.

"నేను డాక్టరమ్మకు చీర ఎన్నడిచ్చిన?"

ప్రింటు కాగితాలు మడిచి పక్కన పెట్టాను. "నీకు అనుమానం ఎట్ల వచ్చిందత్తా?" అని అడిగాను.

"నలుగురు ఆడోళ్లు చీర గురించి మాట్లాడి ఒక్కరన్న అంచు ముచ్చట తియ్యలే. చీర కట్టినోళ్లు గట్ల మాట్లాడరు. ఇది చీర కట్టని మొగోని రాత." అప్పుడు నవ్వింది. సిగ్గుపడుతూనే నేనూ నవ్వాను. "తీసెయ్ బిడ్డా. రేపు ఎవరన్న ఆ టీచరమ్మ ఇల్లెక్కడని అడిగితే ఎవరిని చూపియ్యాలె? నిజంగ కొన్నోళ్లు ఉన్నరు గద, వాళ్లనడుగుదాం పా."

అదే గల్లీలో గాజుల దుకాణం సాయిబు భార్య దగ్గరికి తీసుకుపోయింది. ఆమె అంతకుముందే అత్త దగ్గర వంగపండు రంగు చీర కొనుక్కుంది.

"అంచు మస్తుగున్నదక్కా," అందామె. "కానీ మొదటిసారి ఉతికితే జర రంగు పోయింది. తెల్ల దుపట్టా ఖరాబైంది."

నేను పెన్ను ఆపాను.

"రాయి," అంది అత్త.

"గిది రాస్తే ఎవరొస్తరత్తా?"

"ఉప్పు నీళ్లల్ల నానబెట్టి ఉతకమని నేను చెప్పలే. తప్పు నాది. అది గూడ రాయి."

వనపర్తికి వచ్చి ఆ నలుగురినీ తుడిచేశాను. గాజులామె ఫిర్యాదు, అత్త జవాబు ఉన్నవున్నట్టు పెట్టాను. పేజీ ఇక మూతపడినట్టే అనుకున్నాను. నాలుగు రోజులకు బెంగళూరు నుంచి ఒకామె, చీర ఉప్పు నీళ్లలో ఎంతసేపు నానబెట్టాలని అడిగింది. నేను ఫోన్ చేసి అత్తను అడగడం, చెప్పింది టైపు చేయడం. తర్వాత అంచు వెడల్పు అడిగింది, కొంగు మీద బుటాలు అడిగింది. అత్త ఫోన్లోనే ఉత్సాహపడిపోయి, "ఈమె కట్టే మనిషే!" అంది.

నెల తిరగకముందే ఆమె చెల్లెలిని వెంటబెట్టుకుని గద్వాలలో దిగింది. నేనూ వెళ్లాను. గాజులామె తన చీరతో పాటు మరకపడ్డ దుపట్టా కూడా తెచ్చి గర్వంగా చూపించింది. వాళ్ల కన్నడం, మా పాలమూరు తెలుగు, ఆమె ఉర్దూ కలిసి గదంతా ఒకటే గోల. నన్ను మాత్రం చీరల కొంగులు పట్టుకుని కిటికీ వెలుగులో నిలబడమన్నారు. చేతులు నొప్పి పుట్టాయి. మధ్యాహ్నం అత్త జొన్నరొట్టె, పుంటికూర పెట్టింది. వాళ్లు చెరో రెండు చీరలు తీసుకున్నారు. కబుర్లలో పడి బస్సు అందుకోలేకపోయారు. ఇంకో బస్సుంది కదా అని మళ్లీ చాప మీద కూర్చుని, పెట్టెలో అడుగునున్న చీరలు కూడా తీయించారు.