దేవరాజులు బ్రష్షు పరీక్ష

చెన్నై చూలై పేటలో మా రంగుల అంగడికి దేవరాజులు వస్తున్నాడంటే నాకు ఒళ్లు మండేది. చెక్క నేలలకు వార్నిష్ వేయడంలో ముప్పై ఏళ్ల చెయ్యి ఆయనది. అనుమానం మాత్రం పుట్టుకతోనే వచ్చింది. బ్రష్షు చేతికిస్తే ఒక వెంట్రుక పీకి, అగ్గిపుల్ల గీసి కాల్చి, వాసన చూస్తాడు. జుట్టు కాలిన కంపు వస్తే సరుకు మంచిది. ప్లాస్టిక్ కంపు వస్తే నేను దొంగని.

ఆ రోజు ఆయన ముఖంలో కంగారు కూడా ఉంది. టి. నగర్‌లో ఉజ్వల అనే కంప్యూటర్ ఉద్యోగిని ఫ్లాట్‌లో టేకు నేల పని. అందరూ టైల్స్ వేయించుకుంటున్న ఈ కాలంలో ఏడు నెలలకు వచ్చిన పిలుపు. ముందు ఒక్క పలక చేసి చూపించాలి, నచ్చితేనే మిగతా ఇల్లు ఇస్తానందట ఆవిడ.

ఆవిడ కొనిపెట్టిన డబ్బా ఆయన సంచిలో ఉంది. నూనెది కాదు, నీళ్లు కలిపే నీళ్ల వార్నిష్ అని ఆవిడ చెప్పిందట. నేను నైలాన్ బ్రష్షు తీసిచ్చాను. ఆయన కాల్చి చూసి ముక్కు చిట్లించాడు.

"ఇది ప్లాస్టిక్ శేషాద్రీ. దీంట్లో నీకెంత మిగుల్తాది?"

"నీళ్ల వార్నిష్‌కి నైలానే సరి అన్నా. డబ్బా మీదే రాసుండాది."

"నాకు ఇంగ్లీషు రాదనే గదా ఈ కతలు!" అని పంది వెంట్రుకల బ్రష్షే పట్టుకుపోయాడు.

సాయంత్రం ఫోన్ చేశాడు. "కొంచెం ఈడికి రా పా." తప్పు నా మీదికి నెట్టడానికే పిలుస్తున్నాడని నాకు గట్టి అనుమానం. వాదనకు పనికొస్తుందని ఆ నైలాన్ బ్రష్షు పట్టుకునే ఫ్లాట్‌కి వెళ్లాను.

బ్రష్షు నీళ్లు పీల్చి మెత్తబడి విచ్చుకుపోయింది. పలక నిండా గీతలు, మధ్యలో రెండు వెంట్రుకలు అతుక్కుని ఉన్నాయి.

"ముప్పై ఏళ్ల అనుభవం అన్నారు, ఇదేనా? వేరేవాళ్లను పిలుచుకుంటానండి," అంటోంది ఉజ్వల.

నేను నోరు తెరిచేలోపే దేవరాజులు అందుకున్నాడు. "తప్పు నాదేనమ్మా. నైలాన్ తీసుకో, డబ్బా మీద రాసుండాదని ఈయన చెప్పినాడు. నేనే ఈయన్ని దొంగ అనుకుంటిని. ఇంకొక్క పలక ఇయ్యండి."

ఆవిడ డబ్బా తిప్పి చదివింది. "అవునండీ, అలాగే రాసుంది."

నేను ఉలిక్కిపడ్డాను. ఆ డబ్బా నేనసలు చదవనే లేదు. నైలాన్ బ్రష్షులో లాభం ఎక్కువ, అందుకే నోటికొచ్చింది చెప్పాను. ఆయన నన్ను అనుమానించడంలో తప్పేమీ లేదు.

నేను తెచ్చిన నైలాన్ బ్రష్షుతో రెండో పలక ఒక్క గీత లేకుండా వచ్చింది. ఆరేదాకా కూర్చుని, చేత్తో తడిమి చూసి, ఇల్లంతా ఆయనకే ఇచ్చింది ఉజ్వల. మెట్లు దిగుతూ దేవరాజులు నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఇన్నేండ్లు నిన్ను ఊరికే అనుమానిస్తిని. మనసులో పెట్టుకోవద్దు."

అప్పుడే నిజం చెప్పాల్సింది. "పర్వాలేదన్నా," అన్నాను.

ఇప్పుడాయన నేనేది ఇస్తే అది సంచిలో వేసుకుని వెళ్లిపోతున్నాడు. ఒకసారి చూసుకోమంటే, "నువ్విచ్చినావు గదా," అంటాడు. దొంగ అన్నప్పుడు కోపమొచ్చేది. ఈ మాటకు తలెత్తి ఆయన ముఖం చూడలేకపోతున్నాను.