తళతళలాడిన రాళ్లు

ఆమెను ఆ వీధిలో అందరూ చేపలక్క అనే పిలుస్తారు. ఇంటి వెనక రేకుల షెడ్డులో రంగు చేపలు పెంచి దుకాణాలకు ఇస్తుంది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, "మాట్లాడని వాళ్లతో కాపురం అలవాటైపోయింది" అంటుంది.

షెడ్డు మధ్యలో సిమెంటు తొట్టి. అందులో కొన్ని చిన్న చేపలు, మూరెడు పొడవున్న ఒక ఎర్ర చేప. నాన్న పెంచినది. పెద్దమ్మ అని పేరు పెట్టిందీ ఆయనే. ఆయన చేపల్లో మిగిలింది అదొక్కటే. ఇప్పుడు పొట్ట నిండా గుడ్లతో ఉంది. పిల్లలు బతికితే ఆ వంశం నిలుస్తుంది.

భర్త పోయాక చెల్లెలు ఈ ఇంటికే వచ్చింది. వచ్చినప్పటి నుంచి కడుగుతూనే ఉంది. గిన్నెలు, గుమ్మాలు, కిటికీ ఊచలు.

"గోడలు అరిగిపోతాయే."

"అరగనీ అక్కా. ఇల్లు కాస్త విశాలమవుతుంది."

భర్తను ఉంచిన ఆస్పత్రి గది మురికిగా ఉండేదట. "నేనే రెండు బకెట్ల నీళ్లు పోసి తుడిచి ఉంటే బతికేవాడేమో" అని ఒకసారి అంది.

చేపలక్క దుకాణాలకు వెళ్లిన రోజున చెల్లెలు షెడ్డులోకి వెళ్లింది. తొట్టి పక్కనున్న ఫిల్టర్ డబ్బా తెరిచింది. లోపలి రాళ్లకు గోధుమరంగు జిగురు పట్టి ఉంది. బ్లీచింగ్ నీళ్లలో నానబెట్టింది. కుళాయి కింద రుద్ది, ఎండబెట్టి, ఎలా ఉన్నవి అలా సర్దింది. అక్కకు చెప్పలేదు. తనే చూసి ఆశ్చర్యపోవాలనుకుంది.

కొన్నాళ్లు ఏమీ కాలేదు. నీళ్లు అద్దంలా ఉన్నాయి. ఒక పొద్దున చేపలన్నీ పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. అక్క పెద్దమ్మను పట్టి మొప్ప ఎత్తి చూసింది. ఎర్రగా ఉండాల్సినది తుప్పు రంగులో ఉంది. డబ్బా మూత తీసింది. రాళ్లు తళతళలాడుతున్నాయి.

"వీటిని ఎవరు కడిగారు?"

"నేనే. ఎంత జిడ్డో తల్లీ! ఇప్పుడు చూడు, ముత్యాలే."

అక్క మూత పక్కన పడేసింది.

"ఉప్పు సంచి పట్టుకురా."

"కూరకా?"

"చేపలకి. పరిగెత్తు."

పీపాలో నిల్వ ఉంచిన నీళ్లు మోసి, తొట్టిలో సగం నీళ్లు మార్చారు. అక్క ఉప్పు కొలిచి కరిగించి పోసింది. పక్క తొట్టి ఫిల్టర్ స్పాంజిలోని మురికిని ఈ రాళ్ల మీద పిండింది.

"గాలి బుడగలు వస్తూనే ఉన్నాయిగా. మరి ఊపిరాడకపోవడమేంటక్కా?"

"గాలికేం లోటు లేదు. దాన్ని మోసే నెత్తురు పాడైంది. చేపల మలమూత్రాలు నీళ్లలో నైట్రైట్ అనే విషంగా మారతాయి. దాన్ని తినేసే కంటికి కనబడని జీవులు ఆ జిగురులోనే ఉండేవి. అవి లేకపోతే ఆ విషం మొప్పల్లోంచి లోపలికి పోతుంది."

"ఉప్పేం చేస్తుంది?"

"ఉప్పుకీ విషానికీ మొప్పల్లో ఒకటే గుమ్మం. ఉప్పు ముందు నిలబడితే విషానికి దారి దొరకదు. లోపలికి పోయిందాన్ని మాత్రం చేపే కడుక్కోవాలి. కాస్త సమయం పడుతుంది."

చెల్లెలు తొట్టి గట్టున కూర్చుండిపోయింది. అక్క ఎన్నిసార్లు పిలిచినా లేవలేదు. మర్నాటికి చిన్న చేపలు కోలుకుని కిందికి దిగాయి. పెద్దమ్మ ఒక పక్కకి ఒరిగింది. చెల్లెలు రెండు చేతులూ నీళ్లలో పెట్టి దాన్ని నిటారుగా పట్టుకుంది. మధ్యాహ్నానికి మొప్పలు ఆడటం ఆగిపోయింది. ఆమె ఇంకా పట్టుకునే ఉంది.

"వదిలెయ్యవే."

"నేను కడక్కపోతే బతికేది."

"ముసలిది. ఎలాగూ పోయేదే."

"ఆయన పోయినప్పుడూ అందరూ ఇదే అన్నారు. నీ వల్ల కాదు, ఎలాగూ పోయేవాడే అని." ఆమె అక్క వైపు చూడలేదు. "అప్పుడు నమ్మలేదక్కా. తర్వాత కాస్త కాస్తగా నమ్ముతూ వచ్చాను."

అక్క చేపను తీసుకుని గోనె మీద పడుకోబెట్టింది. పొట్ట ఇంకా ఉబ్బెత్తుగానే ఉంది. కుళాయి తిప్పింది.

"చేతులు కడుక్కో."

నీళ్లు పారుతున్నాయి. చెల్లెలు తడి చేతులు ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుంది. కాసేపటికి అక్కే కుళాయి కట్టేసింది.