గోడ అవతలి సెడ్నా

మిర్యాలగూడలో రైస్ మిల్లుల పక్కనున్న ప్రభుత్వ పాఠశాలలో నేను సైన్సు చెప్పేదాన్ని. ఇల్లు కోదాడలో. రోజూ రెండు పూటలా బస్సు. సీటు దొరికిన రోజు పాఠం కాస్త బాగా చెప్పేదాన్ని. దొరకని రోజు కుర్చీలో కూర్చుని పిల్లల చేత చదివించేదాన్ని. యాభై ఆరేళ్ల మోకాళ్లతో అంతకంటే ఏం చేయను?

సౌరకుటుంబం పాఠం వచ్చిన రోజు సీటు దొరికింది. ఎనిమిదో తరగతి పిల్లలను గ్రౌండ్‌లోకి తీసుకెళ్లి, జెండా కర్రను సూర్యుడనుకోమన్నాను. అక్కడి నుంచి ఒక్క అడుగు వేస్తే భూమి. ముప్పై అడుగుల దగ్గర నెప్ట్యూన్. నలభై దగ్గర, ప్రహరీ గోడను ఆనుకుని, ప్లూటో. ఆ చుట్టుపక్కలంతా మంచూ రాయీ కలిసిన చిన్న చిన్న గోళాలు వేలకొద్దీ తిరుగుతుంటాయని చెప్పాను.

"గోడ అవతల ఏముంటది మేడం?" అని ఒక అమ్మాయి అడిగింది. చివరి బెంచీలో కూర్చునే పిల్ల. ఆ ఏడు నన్నడిగిన మొదటి ప్రశ్న అదే.

సెడ్నా గురించి చెప్పాను. ప్లూటో కన్నా చిన్నది. సూర్యుడి చుట్టూ ఒక్కసారి తిరగడానికి దానికి దాదాపు పదకొండు వేల ఏళ్లు పడుతుంది. బాగా దూరం పోయినప్పుడు, మన లెక్కలో తొమ్మిది వందల అడుగుల అవతల ఉంటుంది. "అంత దూరం మనం నడవలేంలే" అని పిల్లలను లోపలికి తోలాను. నడవలేనిది నేను.

మధ్యాహ్నం అన్నాలయ్యాక చూస్తే ఆ అమ్మాయి క్లాసులో లేదు. పక్క పిల్ల భయపడుతూ చెప్పింది: "అడుగులు లెక్కపెట్టుకుంట గేటు బయటికి పోయింది మేడం."

బయటంతా లారీల రోడ్డు. హెడ్మాస్టరుకు చెప్పి ఎండలో బయలుదేరాను. కనిపించిన ప్రతివాళ్లనూ అడుగుతూ పోతే, ఒక మిల్లు దగ్గర వాచ్‌మన్ లోపలికి చూపించాడు. తవుడు బస్తాల మూతులు కుడుతున్న వాళ్లమ్మ పక్కన నిలబడి ఉంది పిల్ల, జుట్టు నిండా దుమ్ముతో.

తల్లి నన్ను చూసి గబుక్కున లేచింది. "ఏమన్న తప్పు జేసిందా మేడం? ఎందుకొచ్చినవంటే ఏందో సుక్కల లెక్కంటది. నాకైతే సమజ్ గాలే."

కోప్పడాలనే వచ్చాను. కానీ ముందు కూర్చోవాలి. ఆమె ఖాళీ గోనెసంచి మడతపెట్టి వేసింది. దాని మీద కూలబడి, ఊపిరి అందాక సెడ్నా సంగతంతా చెప్పాను.

"గంత దూరం పోయి మల్ల ఒస్తదా?" అంది ఆమె.

"వస్తదమ్మా. ఇప్పుడు దగ్గరికే వస్తోంది. మా జెండా కర్రకు ఎనభై అడుగులు దాటి కొంచెం అవతల ఉంది."

"అది ఇప్పుడు గాడనే ఉంటే, నువ్వు గీడికెందుకొచ్చినవే?" అని కూతురి వైపు తిరిగింది.

పిల్ల తల దించుకుంది. "తొమ్మిది వందల అడుగులు గీడ అయిపోయినయ్. నువ్వు రోజు నేను లేవకముందే వస్తవ్ గద. లోపల ఏం జేస్తవో సూద్దామని."

తల్లి కొంగుతో పిల్ల జుట్టు దులిపి, మళ్లీ సూది అందుకుంది. "మేడం చెయ్యి వట్టుకొని పో. లారీలుంటయ్."

పిల్ల నా చెయ్యి పట్టుకుంది. దారిలో రెండుసార్లు ఆగాను. తొందరపెట్టకుండా తనూ ఆగింది.

హెడ్మాస్టరు మెమో ఇచ్చారు. ఆయన్ని తప్పుపట్టలేను. రోడ్డు మీద ఏమైనా అయి ఉంటే? సంజాయిషీ ఎలా రాయాలా అని సాయంత్రం బస్సులో ఆలోచిస్తూ ఆలోచిస్తూనే నిద్రపోయాను. మర్నాడు జరిగింది జరిగినట్టు రాసిచ్చాను. ఆ కాగితం గురించి మళ్లీ ఎవరూ అడగలేదు. ఆ అమ్మాయి మాత్రం తనంతట తనే ముందు బెంచీకి మారింది.

తర్వాతి ఏడు అదే పాఠం బోర్డు మీదే చెప్పాను. గ్రౌండ్‌లోకి వెళ్లే ఓపిక లేదు, ధైర్యమూ లేదు. పిల్లలు సెడ్నా పేరు నోట్సులో రాసుకున్నారు. ఎవరూ ఏ ప్రశ్నా వేయలేదు.