ఆ బరువుకు సరిపడే గాలి

విమలకు కంప్రెషర్ చప్పుడంటే భయం. విన్నవాళ్లు నవ్వుతారు, ఎందుకంటే పొద్దున లేస్తే ఆమె పని దాని పక్కనే. వరంగల్‌లో కాశిబుగ్గ దాటాక లారీలు ఆగే చోట ఉంది వాళ్ల టైర్ల దుకాణం.

ఆమె ఈ పనికి పుట్టిన మనిషి కాదు. హసన్‌పర్తిలో ఒక బడిలో ఆయాగా ఉండేది. ఏడ్చే పిల్లలను చంకనేసుకొని వరండాలో తిప్పడం ఆమెకు ఇష్టమైన పని. భర్త విన్సెంట్ లారీ టైర్ల పనిలో దిట్ట. అట్లాంటివాడు ఒకనాడు టైరుకు గాలి పెడుతుంటే, టైరును డిస్కుకు పట్టి ఉంచే ఇనుప రింగు సరిగ్గా కూర్చోక ఎగిరొచ్చి ముఖానికి తగిలింది. ఎడమ కన్ను పోయింది. కుడి మణికట్టు వంకరపోయింది. దవాఖాన నుంచి వచ్చినప్పటి నుంచి అతడు దుకాణం లోపలి మంచం దిగలేదు. గాలిగొట్టం విమల చేతికొచ్చింది. పట్టుకొమ్మని ఎవరూ అనలేదు, వద్దనీ ఎవరూ అనలేదు.

ఆమె చేసిన మొదటి పని, లావు పైపులతో ఒక ఇనుప పంజరం వెల్డింగ్ చేయించడం. టైరును అందులో పెట్టి, పొడుగు గొట్టంతో దూరం నుంచి గాలి ఎక్కించేది. అయినా గాలి ఎక్కుతున్నంతసేపూ భుజాలు చెవుల దాకా ముడుచుకుపోయేవి. బడి పని మళ్లీ దొరుకుతుందేమో అడుగుదామని చాలాసార్లు అనుకుంది. తను పోతే దుకాణం మూతపడుతుంది, విన్సెంట్‌ను ఎవరు చూస్తారు? ఆలోచన ప్రతిసారీ అక్కడే ఆగేది.

పని మాత్రం విన్సెంట్ మంచం మీద నుంచే నేర్పాడు. టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడాలి. పరుగెత్తి వేడెక్కిన టైరు మీటరు మీద ఎక్కువ చూపిస్తుంది. అది చూసి గాలి తీస్తే చల్లారాక తక్కువైపోతుంది. పక్కపక్కనే ఉండే జంట టైర్లకు సమానంగా ఉండాలి. బరువు పెరిగితే గాలి పెంచాలి, కానీ టైరు పక్కన అచ్చుపోసిన అంకె దాకానే. ఆ అంకె ఓర్వలేని బరువు ఎత్తితే, ఇక దానికి సరైన గాలంటూ ఉండదు. తక్కువుంటే టైరు నలిగి కాలుతుంది, ఎక్కువైతే పగులుతుంది.

పోయిన ఎండాకాలం శేఖర్ అనే డ్రైవర్ కేసముద్రం నుంచి మక్కజొన్నల లోడుతో వచ్చాడు. బస్తాలు తాడుకు కూడా అందనంత ఎత్తున ఉన్నాయి. వెనుక జంటలో లోపలి టైరు చప్పబడిపోయింది.

"అక్కా, జర జల్ది. ఓనర్ సార్ ఫోన్ మీద ఫోన్ జేస్తాండు."

విమల టైరు ఊడదీసి లోపల చెయ్యి పెట్టింది. వేళ్లకు నల్లటి రబ్బరు పొడి అంటింది. గాలి లేకుండానే చాలా దూరం నడిపాడని అర్థమైంది.

"తమ్మీ, ఇది పోయింది. లోపలి తీగలు నలిగినై. స్టెప్నీ తియ్యి."

"స్టెప్నీ పొద్దుగాలనే ఏసిన. సార్ దీనికే ట్యూబ్ మార్చి నూట నలభై కొట్టియ్యమన్నడు. లోడు ఎక్కువున్నది గదా."

"దీని మీద అచ్చుపోసిందే నూట ఇరవై. ఆ బరువుకు ఏ గాలీ సరిపోదు. బస్తాలు దించాలె."

"నేను దించుతే నా నౌకరీ దించుతరు అక్కా. నాకేం దారున్నది?"

లోపలి నుంచి విన్సెంట్ గొంతు వినిపించింది. "కొట్టియ్యి విమలా. రాజేశ్వర్ రావు సార్ బండ్లే మనకు ఆధారం."

ఆ మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. తన కన్ను పోయిన చోటుకే పెళ్లాన్ని తోస్తున్నాడే, ఈ మనిషికి దయ లేదా అనుకుంది. అయినా ట్యూబ్ మార్చి, టైరును పంజరంలోకి దొర్లించి, గొట్టం తగిలించి, దూరంగా వచ్చి వాల్వు తిప్పింది.

మీటరు ముల్లు ఎనభై దాటింది. పంజరంలో నుంచి, లోపలి తీగలు తెగుతున్నట్టు టిక్ టిక్‌మని సన్నటి చప్పుడు. సరిగ్గా అప్పుడే శేఖర్ టైరు ఎలా ఉందో చూద్దామని పంజరం వైపు నడిచాడు.

"దగ్గరికి పోకు!"

వాల్వు మూసి, అతని చొక్కా వెనుక నుంచి దొరకబుచ్చుకొని లాగింది. ఇద్దరూ వెల్లకిలా పడ్డారు. టైరు పగిలింది. పైకప్పు రేకులు అదిరాయి, కాసేపు దుమ్ము తప్ప ఏమీ కనబడలేదు. దుమ్ము అణిగాక చూస్తే టైరు పక్క మొత్తం నిలువునా చీలి ఉంది. పంజరం పైపు ఒకటి విల్లులా వంగిపోయింది.

శేఖర్ లేచి కూర్చున్నాడు. విమల లోపలికి పరుగెత్తింది. మంచం ఖాళీగా ఉంది. విన్సెంట్ దాని కింద, రెండు చేతులూ చెవుల మీద పెట్టుకొని ముడుచుకొని ఉన్నాడు.

"నువ్వు బతికే ఉన్నవా?" అన్నాడు ఒక్క కన్నుతో ఆమెను వెతుక్కుంటూ.

అంతకాలం అతనికి భయం పోయిందనుకుంది. పోలేదు. కంప్రెషర్ మొదలైనప్పుడల్లా ఆమె బయట, అతడు లోపల, ఒకే భయంతో ఉన్నారు.

బయట ఫోన్ మోగుతూనే ఉంది. విమల శేఖర్ చేతిలో నుంచి తీసుకుంది. "సార్, టైరు పగిలింది. సగం బస్తాలు దించేదాకా నేను గాలి కొట్టను."

"వరంగల్‌ల నీదొక్కటే దుకాణమా?"

"కాదు సార్. చానా ఉన్నయి."

సాయంత్రానికి ఇంకో లారీ వచ్చి సగం బస్తాలు ఎత్తుకుపోయింది, కొత్త టైరూ వచ్చింది. ఆ తర్వాత రాజేశ్వర్ రావు బండ్లు వాళ్ల దుకాణం దగ్గర ఆగలేదు. శేఖర్ మాత్రం అదే నౌకరీలో, అవే లోడ్లతో తిరుగుతున్నాడు. ఎదురుపడితే చెయ్యి ఊపుతాడు.

"దుకాణం అమ్మేద్దామా?" అని అడిగాడు విన్సెంట్ ఆ వారం.

"ఎవలు కొంటరయ్యా? కొన్నోడు గూడ ఈ పంజరం ముంగట్నే గదా నిలవడాలె. అమ్మి మనమేం జేస్తం?"

తెల్లారి ఇటుకల లారీ ఒకటి వచ్చి ఆగింది. విమల టైరును పంజరంలో పెట్టి వెనక్కి తిరిగేసరికి విన్సెంట్ గోడ పట్టుకొని బయటికి వచ్చి ఉన్నాడు. వాల్వు మీద ఎడమ చెయ్యి వేశాడు.

"ముల్లు నువ్వు చూడు. టిక్కుమంటే నేను మూస్త. చెవులున్నయి గదా."

కంప్రెషర్ మొదలైంది. ఇద్దరి భుజాలూ ఒకేసారి ముడుచుకున్నాయి.